వణుకు కొలిచి వంతెన ఆరోగ్యం చూడటం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ మూలకి వెళ్లినా ఓ గెడ్డ (వాగు) తగులుతుంది, గెడ్డ తగిలిన చోట దాటడానికి ఏదో ఒకటి కట్టి ఉంటుంది. ఇనప గర్డర్ల (దూలాల) మీద రేకు పరిచిన నడక వంతెనలు, కాలవ మీద స్లాబు కల్వర్టులు, స్కూలు పక్కన స్తంభాల మీద నిలబడ్డ నీళ్ల ట్యాంకులు. వీటి జోలికి మామూలు రోజుల్లో ఎవరూ పోరు. పెచ్చులూడి ఊచలు బయటపడ్డాకనో, తుపాను వెళ్లిన మర్నాడో అందరూ చుట్టూ చేరి "ఇది ఆగుతుందా, కూలుతుందా" అంటారు. ఆ రోజు ఫోను తీసి వణుకు కొలిస్తే పెద్దగా తెలిసేది ఏమీ ఉండదు. ఎందుకు తెలియదో, తెలియాలంటే ముందు నుంచి ఏం చేసి పెట్టుకోవాలో రాస్తున్నాను. సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్లకి, పాలిటెక్నిక్‌లో, బీటెక్‌లో ప్రాజెక్టు కోసం వెతుక్కునే పిల్లలకి పనికొస్తుంది. కావాల్సినవి ఒక ఫోను, డబుల్ సైడ్ టేపు, ఒక నోటుబుక్కు, నాలుగు ధాన్యం బస్తాలు. బస్తాలెందుకో కాసేపట్లో చెప్తాను.

ముందు సూత్రం. తొక్కినా, కొట్టినా, గాలి తోసినా ప్రతి కట్టడం తనకి అలవాటైన ఒక వేగంతోనే ఊగుతుంది, సెకనుకి ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్. దాన్నే సహజ ఫ్రీక్వెన్సీ అంటాం. అది కట్టడం గట్టిదనం మీద, బరువు మీద ఆధారపడుతుంది: గట్టిదనాన్ని బరువుతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదానికి అనులోమంగా ఉంటుంది. గర్డరు పగిలినా, తుప్పు తిని ఊచ సన్నబడినా, బోల్టు వదులైనా గట్టిదనం తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. ఒకప్పుడు స్టేషన్లో రైలు ఆగగానే చక్రాల్ని సుత్తితో కొట్టుకుంటూ పోయే మనిషి చేసింది ఈ పనే, ఆయన చెవితో చేసేవాడు, మనం ఫోనుతో చేస్తాం.

ఆ వర్గమూలం ఉంది చూశారూ, చిక్కంతా దానితోనే. వంతెన మొత్తం గట్టిదనం 10 శాతం పడిపోతే ఫ్రీక్వెన్సీ తగ్గేది 5 శాతమే. అదీ మొత్తం వంతెన సమంగా బలహీనపడితే. ఒక్కచోట పగిలి మిగతాదంతా బాగుంటే తేడా ఇంకా చిన్నది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో రియో గ్రాండే నది మీద ఐ-40 హైవే పాత వంతెన ఉండేది. 1993లో దాన్ని పడగొట్టే ముందు ఒక ఉక్కు గర్డరుని కావాలనే నాలుగు విడతలుగా కోస్తూ ప్రతిసారీ వణుకు కొలిచారు. మొదటి రెండు కోతల్లో గర్డరు నిలువు రేకు కిందిదాకా తెగింది, మూడో కోతలో కింది ఫ్లాంజ్ (గర్డరు అడుగున ఉండే అడ్డ పట్టీ) సగం పోయింది, అయినా మొదటి, అంటే అన్నిటికన్నా తక్కువ, ఫ్రీక్వెన్సీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నాలుగోసారి ఫ్లాంజ్ పూర్తిగా తెగాక మాత్రం సుమారు 7 శాతం పడింది. అంటే కంటికి కనిపించేంత పెద్ద గాయమైనా ఫ్రీక్వెన్సీలో కనిపిస్తుందన్న గ్యారంటీ లేదు. అలాగని పద్ధతి పనికిరాదని కాదు, 1 శాతం తేడాని నమ్మకంగా పట్టుకునేలా కొలవడం నేర్చుకోవాలి, అది కూడా వంతెన బాగున్నప్పుడు మొదలుపెట్టాలి. "మీ వంతెన 6 హెర్ట్జ్" అన్న అంకె ఒక్కటీ చేతిలో పెడితే ఎంత పెద్ద ఇంజనీరైనా ఏం చెప్పగలడు? పోయినేడు ఇదే నెలలో, ఇదే చలిలో 6.3 ఉండేది అన్నప్పుడు కదా మాట్లాడటానికి ఏదైనా ఉండేది.

ఫోను పెట్టడం

ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లది. అందులో జి (గురుత్వాకర్షణ) కలపని త్వరణం కొలిచే ప్రయోగం తెరవండి. నిర్ణీత సమయం తర్వాత దానంతటదే మొదలై ఆగే సదుపాయం ఉంది, తప్పకుండా అదే వాడండి, లేకపోతే మీరు బటన్ నొక్కిన దెబ్బే రికార్డులో అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఫోను కవరు తీసెయ్యండి (రబ్బరు కవరుతో కొలిస్తే కవరు ఊపు కూడా కలుస్తుంది), ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, టేపుతో గట్టిగా అంటించండి. ఎక్కడ అంటిస్తున్నారో చూసుకోండి. మన నడక వంతెనల మీద పరిచే గళ్ల రేకు చాలాచోట్ల వెల్డింగు ఊడి టపటపలాడుతూ ఉంటుంది, దాని మీద పెడితే రేకు సంగతి తెలుస్తుంది కానీ వంతెన సంగతి తెలియదు. సరిగ్గా గర్డరు మీద, స్పాన్ (రెండు ఆనికల మధ్య దూరం) మధ్యలో పెట్టి చుట్టూ పెయింటుతో గీత గీయండి. వచ్చే ఏడు మీరు కాకుండా ఇంకెవరో కొలిచినా ఫోను అదే చోట పడాలి. మధ్యలో ఒకటే చాలదు, రెండో మోడ్ (వంతెన ఒక సగం పైకి లేస్తే రెండో సగం కిందికి దిగుతూ ఊగే తీరు) అక్కడ కదలకుండా ఉంటుంది కాబట్టి మధ్యలో ఉన్న ఫోనుకి అది అసలు తెలియదు, స్పాన్‌లో పావు దూరంలో కూడా ఇంకో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు వంతెనని ఊపాలి. ఒక మనిషి మధ్యలో మునివేళ్ల మీద లేచి, మడమల మీద ఒక్కసారి దిగి, కదలకుండా నిలబడితే చాలు. ఎప్పుడు కొలిచినా అదే బరువున్న మనిషి, అదే చోట. పది మంది కుర్రాళ్లని ఎక్కించి తాళం వేస్తూ గెంతించడం మాత్రం వద్దు, అనుమానం ఉన్న వంతెన మీదైతే అసలే వద్దు. ఒక్క మడమ దెబ్బకి తేలికపాటి ఉక్కు వంతెన నాలుగైదు సెకన్ల పాటు చక్కగా ఊగుతుంది, ఆ ఊపు తగ్గుతూ పోయే గీత ఫోనులో కనిపిస్తుంది.

ఫ్రీక్వెన్సీ తీయడానికి చాలామంది వెంటనే ఎఫ్‌ఎఫ్‌టీ (రికార్డులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో విడదీసే లెక్క) దగ్గరికి పరిగెడతారు. ఆగండి. ఎఫ్‌ఎఫ్‌టీలో మెట్టుకి మెట్టుకి మధ్య దూరం రికార్డు పొడవు మీద ఆధారపడుతుంది: 10 సెకన్ల రికార్డైతే 0.1 హెర్ట్జ్. 6 హెర్ట్జ్ దగ్గర 0.1 అంటే దాదాపు 1.7 శాతం, మనం వెతుకుతున్న తేడా అందులోనే మునిగిపోతుంది. మడమ దెబ్బ రికార్డుకి పాతకాలపు లెక్కే మేలు. డేటాని ఎక్సెల్‌లోకి తెచ్చి గ్రాఫ్ గీయండి, ఊపు స్పష్టంగా ఉన్నచోట గీత సున్నాని పైకి దాటే క్షణం ఒకటి పట్టుకోండి, అక్కడి నుంచి సరిగ్గా 20 ఊపులు లెక్కపెట్టి ఎంతసేపు పట్టిందో చూడండి. 20 ఊపులకి 3.33 సెకన్లు పడితే 6 హెర్ట్జ్, 3.50 పడితే 5.71. ఫోను సెకనుకి 200 సార్లు కొలుస్తుంటే రెండు కొసల దగ్గరా పొరపాటు కలిపినా 0.3 శాతం దాటదు. మొదటి ఒకటి రెండు ఊపుల్ని వదిలెయ్యండి, వాటిలో దెబ్బ తాలూకు గందరగోళం ఉంటుంది. ఇలా ఐదారు దెబ్బలు కొట్టి సగటు తీయండి.

కోడింగ్ వచ్చినవాళ్లు ఇంకో దారిలో వెళ్లొచ్చు. పది నిమిషాలు ఎవరి దారిన వాళ్లని నడవనిచ్చి, గాలికీ అడుగులకీ వచ్చే వణుకు రికార్డు చేసి, నిమిషం నిమిషం ముక్కలుగా సగం సగం అతివ్యాప్తితో 19 ముక్కలు చేసి, వాటి స్పెక్ట్రంల (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత ఊపు ఉందో చూపే గ్రాఫుల) సగటు తీయడం, అందులో శిఖరం ఎక్కడుందో అదే సహజ ఫ్రీక్వెన్సీ. పైథాన్‌లో సైపై లైబ్రరీలో వెల్చ్ అనే ఫంక్షన్ ఆ పనంతా చేస్తుంది. ఒక్క జాగ్రత్త, ఫోను శాంపిళ్ల మధ్య సమయం ఎప్పుడూ సమంగా ఉండదు, ముందు సమాన విరామాలకి మార్చుకోకపోతే శిఖరం మొద్దుబారుతుంది.

వచ్చిన అంకె మరీ విడ్డూరంగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక చిట్కా: రెండు కొసలా ఊరికే ఆనించిన గర్డరు సొంత బరువుకి మధ్యలో ఎన్ని మిల్లీమీటర్లు వంగుతుందో ఆ అంకె వర్గమూలంతో 18ని భాగించండి. 9 మిల్లీమీటర్లు వంగేదానికి 6 హెర్ట్జ్. డ్రాయింగు ఉంటే ఆ వంపు లెక్క ఏ డిప్లొమా పిల్లాడైనా వేస్తాడు. మీరు కొలిచింది 24 వచ్చిందంటే ఏదో మోటారుని కొలిచారు.

బస్తాల పరీక్ష

ఇది చాలామంది చెయ్యరు, నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. వంతెనని మీరు పగలగొట్టి చూడలేరు కదా, మరి పగిలితే మీ కొలతలో కనిపిస్తుందో లేదో ఎలా తెలియాలి? గట్టిదనం తగ్గించలేం కానీ బరువు పెంచగలం, ఫ్రీక్వెన్సీకి రెండూ ఒకటే. వంతెన బరువు మొత్తం 6 టన్నులు అనుకుందాం. మొదటి మోడ్‌లో, అంటే వంతెన మొత్తం ఒక్క వంపుగా ఊగేటప్పుడు, ఊగేది అందులో సగం, 3 టన్నులు, కొసలు కదలవు కాబట్టి. 75 కేజీల ధాన్యం బస్తాలు నాలుగు తెచ్చి సరిగ్గా మధ్యలో పెడితే 300 కేజీలు, అంటే పదో వంతు. ఫ్రీక్వెన్సీ 6.00 నుంచి 5.72కి దిగాలి. దాదాపు 9 శాతం గట్టిదనం పోయినట్టే అది. బస్తాలు కదలకుండా పడుకోబెట్టండి, జారితే వాటి రాపిడి కలుస్తుంది. నాలుగు బస్తాలు పెట్టి కొలవండి, రెండు తీసేసి కొలవండి, అన్నీ తీసేసి కొలవండి. మీ అంకెలు మెట్లు మెట్లుగా దిగి ఎక్కితే మీ పరికరం, మీ పద్ధతి, మీ లెక్క మూడూ పనిచేస్తున్నట్టు. నాలుగు బస్తాలకీ సున్నా బస్తాలకీ మీ గ్రాఫ్‌లో తేడా కనిపించలేదంటే ఈ వంతెనలో 9 శాతం నష్టం జరిగినా మీకు కనిపించదు, అక్కడితో ఆపి మెరుగైన సెన్సర్ వెతుక్కోవాలి. ఇందులోంచే ఇంకోటి కూడా గమనించండి: కొలిచేటప్పుడు మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకునే నలుగురైదుగురు మనుషులు కూడా ఇంచుమించు ఆ బస్తాలంత బరువే, కాబట్టి ఆ పది నిమిషాలూ వాళ్లని గట్టు మీద నిలబెట్టండి.

ఎండ, వాన, నీళ్లు

అసలు తలనొప్పి ఇక్కడుంది. అమెరికాలోనే అలమోసా కాన్యన్ వంతెనని 24 గంటలపాటు కొలిస్తే దాని మొదటి ఫ్రీక్వెన్సీ ఆ ఒక్కరోజులోనే దాదాపు 5 శాతం అటూ ఇటూ అయింది, వంతెనకి ఏ దెబ్బా తగలకుండా. స్విట్జర్లాండ్‌లో జెడ్-24 అనే కాంక్రీటు వంతెనని 1997-98లో ఏడాది పొడుగునా కొలిచి, చివర్లో కావాలని పాడు చేసి చూశారు. అక్కడ చలికి తారు గడ్డకట్టి గట్టిపడటంతో ఫ్రీక్వెన్సీలు పైకి లేచాయి. మన దగ్గర ఆ బాధ లేదు, పైగా మే నెల మధ్యాహ్నం చెప్పు అంటుకుపోయేంత మెత్తబడుతుంది, అంటే తేడా అటు కాకపోతే ఇటు. ఎండకి గర్డరు సాగి కొసల దగ్గర బేరింగులు (గర్డరు ఆనుకుని జరిగే ఆనికలు) బిగుసుకున్నా అంకె మారుతుంది. బేరింగు తుప్పు పట్టి పూర్తిగా అతుక్కుపోతే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, కాబట్టి పెరిగింది కదా అని నిశ్చింతగా ఉండకండి.

దీనికి మందు నోటుబుక్కే. కొలిచిన ప్రతిసారీ తేదీ, గంట, గర్డరు దగ్గర ఉష్ణోగ్రత, వాన పడిందా, వంతెన మీద కొత్తగా ఏమైనా వేశారా (నీళ్ల పైపు, రెయిలింగు, మళ్లీ ఓ పొర కాంక్రీటు), ఏ ఫోను, ఏ గుర్తు దగ్గర, అన్నీ రాయాలి. సంక్రాంతి చలిలో తెల్లవారుజామున కొన్ని, మేలో మిట్టమధ్యాహ్నం కొన్ని, వానాకాలంలో కొన్ని, మొత్తం పాతిక ముప్ఫై కొలతలు పోగయ్యాక ఎక్సెల్‌లో అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ఫ్రీక్వెన్సీ పెట్టి చుక్కలు వేసి, వాటి మధ్యలోంచి సరళరేఖ గీయించండి. ఆ రేఖ నుంచి ప్రతి చుక్క ఎంత దూరం ఉందో తీసి ఆ దూరాల ప్రామాణిక విచలనం లెక్కపెట్టండి. ఇక మీదట వచ్చే కొలత రేఖకి ఆ విచలనం మూడు రెట్లకన్నా కింద పడితే, మర్నాడు మళ్లీ కొలిచినా అలాగే పడితే, అప్పుడు అనుమానించాలి. ఒక్క చుక్కకి కంగారు పడి పంచాయతీలో చెప్పేసి ఊరంతా టెన్షన్ పెట్టకండి.

నీళ్ల ట్యాంకుల సంగతి ఇంకా దారుణం. లక్ష లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులో నిండుగా 100 టన్నుల నీళ్లు. ఖాళీగా ఉన్నప్పుడు పైన ఊగే భాగం బరువు కూడా 100 టన్నులే అనుకుంటే, నిండాక ఫ్రీక్వెన్సీ ఖాళీనాటి దాంట్లో 71 శాతానికి పడిపోతుంది (నీళ్లలో కొంత భాగం విడిగా తొణుకుతుంది కాబట్టి అసలు తగ్గుదల కాస్త తక్కువే ఉంటుంది). ఉదయం నింపి మధ్యాహ్నానికి వదిలేసే ట్యాంకులో ఏ గంటకి కొలిచారో రాసుకోకపోతే ఆ అంకెకి విలువ లేదు. ట్యాంకుల్ని ఎప్పుడూ నిండుగానో పూర్తి ఖాళీగానో కొలవండి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పు గాలికి స్తంభాల్లో ఊచలు తొందరగా తుప్పు పడతాయి, అలాంటి చోట్ల తుపానుల కాలానికి ముందోసారి, తర్వాతోసారి కొలిచి పెట్టుకుంటే బాగుంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, కాబట్టి సెప్టెంబరులో ఒక కొలత ఉండాలి.

నాగావళి, వంశధార మీది పెద్ద వంతెనలకి భయం పైన కన్నా కింద ఎక్కువ. వరదకి స్తంభం మొదట్లో ఇసుక కోసుకుపోతే స్తంభం పక్కకి ఊగే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. జపాన్ రైల్వేల్లో స్తంభం తలని బరువైన గుండుతో పక్క నుంచి కొట్టి ఇదే చూస్తారు. ఇది అనుమతి తీసుకుని సరైన సెన్సర్లతో చేసే పని, హైవే మీదో రైలు వంతెన మీదో ఫోను అంటించుకుంటూ తిరగకండి.

ఎక్కడ పగిలింది?

ఫ్రీక్వెన్సీ దెబ్బ తగిలిందా అన్నది చెప్తుంది, ఎక్కడ తగిలిందో చెప్పదు. దానికి మోడ్ షేప్ కావాలి, అంటే ఊగుతున్నప్పుడు వంతెన ఏ చోట ఎంత కదులుతోందో. రెండు ఫోన్లతో చెయ్యొచ్చు: ఒకటి కదపకుండా ఒకచోట, రెండోది మీటరు మీటరుకి జరుపుకుంటూ. ప్రతిచోటా రెండోదాని ఊపు మొదటిదానిలో ఎన్నో వంతో రాసుకుంటూ పోతే వంతెన వంపు గీత వస్తుంది. 1991లో పాండే, బిశ్వాస్, సమ్మాన్ అనే ముగ్గురు ఆ గీతని అలాగే చూడటం కన్నా దాని వక్రత చూడమన్నారు: పక్క పక్కన ఉన్న మూడు బిందువుల్లో రెండు కొసల్ని కూడి, నడిమిదాన్ని రెట్టింపు చేసి తీసేసి, దూరం వర్గంతో భాగించడం. పగిలినచోట ఆ అంకె ఎగిరి పడుతుంది. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది కానీ కొలతలో ఉన్న ప్రతి చిన్న తప్పునీ ఆ లెక్క పదింతలు చేసి చూపిస్తుంది, ఫోన్లతో అయితే నేను నమ్మను. చోటు కనిపెట్టడానికి సుత్తే నయం. స్లాబు అడుగున చిన్న సుత్తితో తడుతూ పోతే పెచ్చు విడిన చోట డొల్ల శబ్దం వస్తుంది, ఉక్కు గర్డరైతే వెల్డింగుల దగ్గర పెయింటు చిట్లి సన్నగా తుప్పు చార కారిన చోట టార్చి వేసి చూడండి.

పగులు ఉందేమోనన్న అనుమానానికి ఇంకో చిన్న పరీక్ష ఉంది. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి మడమ దెబ్బలు కొట్టి రెండిటి ఫ్రీక్వెన్సీ పోల్చండి. తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పగులున్నా, వదులు బోల్టున్నా గట్టి దెబ్బకి ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. మామూలు కాంక్రీటులోనూ ఇది కొద్దిగా ఉంటుంది కాబట్టి దీన్ని కూడా పాత రికార్డుతోనే పోల్చాలి. ఊపు ఎంత త్వరగా చల్లారుతోందన్నది, అంటే డ్యాంపింగ్, చూడటం తేలికే: ఎన్ని ఊపులకి సగమయిందో ఆ అంకెతో 0.11ని భాగిస్తే సరి, 11 ఊపులకి సగమైతే 1 శాతం. కానీ దాని మీద ఆధారపడి తీర్పు చెప్పకండి, పైన ఎవరు నిలబడ్డారన్న దాన్ని బట్టే అది మారిపోతుంది.

ఇల్లు, మిల్లు

ఇంటి డాబా గురించి అడిగేవాళ్లు ఎక్కువ. భారత ప్రమాణం ఐఎస్ 1893 లెక్క ప్రకారం 9 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల పొడవున్న గోడల ఇంటికి ఒక ఊపు 0.27 సెకన్లు, అంటే 3.7 హెర్ట్జ్. కానీ ప్రశాంతంగా ఉన్న రోజు ఇల్లు పక్కకి ఊగే ఊపు ఫోను సెన్సర్ సొంత రొదకన్నా చిన్నది, దానికి వినబడదు. స్లాబు ఊపైతే మడమ దెబ్బతో దొరుకుతుంది. కొలిచే ముందు ఫ్యాన్లు ఆపండి, నిమిషానికి 350 చుట్లు తిరిగే సీలింగ్ ఫ్యాను 5.8 హెర్ట్జ్ దగ్గర చక్కటి శిఖరం వేస్తుంది, చూసి స్లాబుదే అనుకుంటారు. రైస్ మిల్లుల్లో, నెల్లిమర్ల వైపు జూట్ మిల్లుల్లో 1440 చుట్ల మోటారు 24 హెర్ట్జ్ దగ్గర ఇలాగే కూర్చుంటుంది. మోటారు ఆపినా ఉండే శిఖరమే కట్టడానిది.

టెక్కలి వైపు గ్రానైట్ క్వారీ పేలుళ్లకి గోడలు నెర్రెలిస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న, అక్కడ చూడాల్సింది నేల కదిలే వేగం. గని యజమానివి కాని ఇళ్లకి డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) పరిమితి 8 హెర్ట్జ్ లోపు సెకనుకి 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 దాకా 10, ఆపైన 15. త్వరణాన్ని ఫ్రీక్వెన్సీకి 6.28 రెట్లతో భాగిస్తే వేగం వస్తుంది: 16 హెర్ట్జ్ దగ్గర 0.5 మీటర్ల త్వరణమంటే సెకనుకి 5 మిల్లీమీటర్లు. ఫోను అంకె ఫిర్యాదుకి సాక్ష్యంగా నిలబడదు, సరైన పరికరంతో కొలవమని అడగడానికి పనికొస్తుంది.

కొలతలు నిజంగానే గీత కిందికి జారితే ముందు ఫోను చోటు, ఉష్ణోగ్రత, కొత్త బరువు మూడూ మళ్లీ చూసుకుని, మర్నాడు తెల్లవారుజామున అదే మనిషితో మళ్లీ కొలవండి. అప్పటికీ అలాగే ఉంటే వంతెన మీదికి ట్రాక్టర్లని, బళ్లని రానివ్వకుండా అడ్డం పెట్టించి, కింద తట్టి చూసి ఫోటోలు తీసి, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించండి. ఊచ బయటపడి ఉన్నా, పగుళ్లు రోజురోజుకీ వెడల్పవుతున్నా ఈ కొలతల కోసం ఆగకుండా నేరుగా ఆ పనే చెయ్యండి. ఆయనకి స్క్రీన్‌షాట్లు పంపకండి, కొలతల అంకెలున్న అసలు సీఎస్‌వీ ఫైళ్లు, నోటుబుక్కు పేజీలు, బస్తాల పరీక్ష అంకెలు కలిపి ఇవ్వండి. కాంక్రీటు నాణ్యత చూడటానికి ఆయన వేయించే రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితాల్లోంచే తేలుతుంది.